స్టీరింగ్‌ని చూసేదా, కళ్ళని చూసేదా? నిద్రమత్తు హెచ్చరికల పోలిక

డ్రైవరు నిద్రమత్తులో ఉంటే కారు హెచ్చరించే ఏర్పాట్లు రెండు రకాలు: స్టీరింగ్ కదలికని చూసేది, కెమెరాతో కళ్ళని చూసేది. భీమవరం, అమలాపురం చుట్టుపక్కల కారు కొనేవాళ్ళు వేరియంట్ ఖాయం చేసుకునే ముందు చూసుకోవాల్సిన తేడా ఇది.

ఖర్చు: స్టీరింగ్ రకానికి కొత్త పరికరం దాదాపు అక్కర్లేదు, బండి అదుపు తప్పి జారకుండా చూసే ఈఎస్‌పీ కోసం ఉన్న స్టీరింగ్ యాంగిల్ సెన్సరే (స్టీరింగ్ ఎంత తిరిగిందో కొలిచేది) చాలు. కెమెరా రకం ఎక్కువగా పై వేరియంట్లలోనే.

పనితీరు: మొదటిది, కాసేపు కదలని స్టీరింగ్‌ని చటుక్కున సర్దడాన్ని పట్టుకుంటుంది. చాలా కార్లలో గంటకు 60 కి.మీ. దాటితేగానీ పని మొదలెట్టదు. కాలవగట్టు మీద 40లో, గేదెల్నీ ధాన్యం ట్రాక్టర్లనీ తప్పించుకుంటూ పోయేవాళ్ళకి అది ఉన్నా లేనట్టే. లేన్ గీతల మీద ఆధారపడే మోడళ్ళకైతే అక్కడ గీతే దొరకదు.
కెమెరా ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో రెప్పలు ఎంతసేపు మూసుకుంటున్నాయో, తల ఎటు తిరిగిందో చూస్తుంది. చీకటి లెక్కలేదు.

తంటా: కెమెరాకే ఎక్కువ. కొన్ని చలవ కళ్ళద్దాలు ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపేస్తాయి. లెన్స్ మీద దుమ్ముంటే మెత్తటి పొడిగుడ్డతో తుడవాలి. స్టీరింగ్ చక్రం అడ్డొస్తుంటే ఎత్తు మార్చాలి.

రావులపాలెం మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి మీదే తిరుగుడైతే స్టీరింగ్ రకం సరిపోతుంది. రాత్రిళ్ళు గట్టు రోడ్లైతే కెమెరాకే డబ్బు పెట్టండి. ఏదైనా సరే, హెచ్చరికగా కాఫీ కప్పు బొమ్మ వెలిగితే బండి పక్కకి తీసి 20 నిమిషాలు కునుకు తీయండి.