ఉప్పుగాలి తగిలే ఇంటికి వాటర్ ఫెడ్ పోల్: కొన్నేళ్లు వాడాక నా మాట

విశాఖ లాసన్స్ బే కాలనీలో మాది జీ ప్లస్ టూ ఇల్లు. తూర్పు వైపంతా పెద్ద స్లైడింగ్ కిటికీలు. బీచ్ రోడ్డుకి నడిచి వెళ్లిపోయేంత దగ్గర కాబట్టి గాలికి కొదవలేదు, దాంతోపాటు వచ్చే ఉప్పుకీ కొదవలేదు. తుడిపించిన వారానికే అద్దాలు మసకబారిపోతాయి. ఇంతకుముందు రెండో అంతస్తు అద్దాలు తుడవాలంటే ఒక మనిషి సజ్జా మీదికి దిగాల్సి వచ్చేది. నడుముకి తాడు కట్టినా సరే, కింద నిలబడి చూసే నాకు అతను మళ్లీ లోపలికి వచ్చేదాకా టెన్షనే. సజ్జా ఎండకీ వానకీ అడ్డుగా వేసేది. మనిషి బరువు మోస్తుందని ఏ మేస్త్రీ మాటివ్వడు. వాటర్ ఫెడ్ పోల్ కొనడానికి అదే మొదటి కారణం. ఇన్నేళ్ల తర్వాత కూడా ఎవరైనా అడిగితే ముందు అదే చెబుతాను.

చూడనివాళ్ల కోసం రెండు మాటలు. ఇది ఒకదాంట్లో ఒకటి దూరే గొట్టాలతో చేసిన పొడవాటి కర్ర. లోపలినుంచి సన్నటి ట్యూబు వెళ్లి పైనున్న బ్రష్‌కి నీళ్లందిస్తుంది. నేలమీద నిలబడి రుద్దుతాం, అదే బ్రష్ నుంచి వచ్చే నీళ్లతో కడుగుతాం, అలాగే ఆరనిస్తాం. గుడ్డ లేదు, వైపర్ లేదు, సబ్బు లేదు. మా ఇంట్లో సాయానికి వచ్చే కుర్రాడు మొదటిసారి చూసి, "తుడవకుండా వదిలేస్తే చుక్కలు పడిపోవేటమ్మా?" అని అడిగాడు. సరైన ప్రశ్నే అడిగాడు. మామూలు నీళ్లయితే కచ్చితంగా పడతాయి.

చుక్క ఆరిపోయాక అద్దం మీద మిగిలేది ఆ నీళ్లలో కరిగి ఉన్న లవణం. దాన్ని కొలిచే టీడీఎస్ మీటర్ 300 చూపించిందంటే లీటరుకి 300 మిల్లీగ్రాములు, 20 లీటర్ల క్యాన్‌లో 6 గ్రాములు, అంటే దాదాపు ఒక చెంచా ఉప్పు. అదంతా కిటికీల మీద ఆరితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. తాగే నీటికి మన దేశ ప్రమాణం ప్రకారం టీడీఎస్ 500 వరకు బాగున్నట్టే లెక్క. అద్దానికి మాత్రం సున్నా కావాలి, మహా అయితే పది లోపు. వంటింటి ఆర్‌ఓ మెషిన్ నీళ్లు సరిపోతాయని చాలామంది అనుకుంటారు. సరిపోవు. రుచి కోసం అందులో కొంత లవణాన్ని ఉంచేస్తారు, పైగా గంటకి వచ్చే నీళ్లు కూడా తక్కువే.

మా ఏర్పాటు ఇలా ఉంటుంది. కుళాయి నీళ్లు ముందు మట్టిని ఆపే ఫిల్టర్‌లోంచి, తర్వాత కార్బన్ ఫిల్టర్‌లోంచి వెళ్తాయి. కార్బన్ ఎందుకంటే, మున్సిపల్ నీళ్లలోని క్లోరిన్‌ని అది పట్టేస్తుంది, లేకపోతే ఆ క్లోరిన్ తర్వాత వచ్చే ఆర్‌ఓ మెంబ్రేన్‌ని, అంటే లవణాన్ని ఆపే పొరని, పాడు చేస్తుంది. మెంబ్రేన్ దాటాక మిగిలిన కాస్త లవణాన్ని డీఐ రెజిన్ అనే సన్న పూసల ఫిల్టర్ పట్టేస్తుంది. రెజిన్ ఎన్ని లీటర్లకి వస్తుందనేది లోపలికి వెళ్లే నీటి టీడీఎస్ మీదే ఆధారపడుతుంది. అది రెట్టింపైతే రెజిన్ సగం నీళ్లకే అయిపోతుంది. అందుకే బోరు నీళ్లని నేరుగా రెజిన్‌లోకి పంపడం డబ్బులు పారబోసుకోవడమే. సముద్రం పక్కన మా బోరు సంగతి చెప్పనక్కర్లేదు, మీటర్ నాలుగంకెలు చూపిస్తుంది. ఆర్‌ఓ వదిలేసే నీళ్లు బాత్రూములు కడగడానికి వాడేస్తాం.

విశాఖలో ఉన్నవాళ్లకి ఇంకో మార్గం కూడా ఉంది. ఇక్కడి ఉక్కకి ఏసీలు బక్కెట్ల కొద్దీ నీళ్లు వదులుతాయి. గాలిలోని తేమే చల్లబడి నీరవుతుంది కాబట్టి అందులో లవణం చాలా తక్కువ. ఆ నీటిని డ్రమ్ములో పట్టి, వడకట్టి, రెజిన్‌లోంచి పంపితే రెజిన్ ఎన్నో రెట్లు ఎక్కువ కాలం వస్తుంది. వడకట్టకపోతే మాత్రం పాచి, ధూళి వెళ్లి రెజిన్‌ని పాడు చేస్తాయి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మాకు ఆర్‌ఓ పెద్దగా నడపాల్సిన అవసరమే రాదు.

మీటర్‌ని కూడా గుడ్డిగా నమ్మకూడదు. అది కొలిచేది నీటిలో విద్యుత్ ఎంత ప్రవహిస్తుందో అంతే. నీటిలో కరిగి ఉండే సిలికా (ఇసుకలో ఉండేదే) దానికి సరిగా అందదు. రెజిన్ చివరికి వచ్చేసరికి అంకె ఇంకా చిన్నదిగానే ఉన్నా అద్దం మీద సన్నటి తెల్ల మచ్చలు కనిపించడం మొదలవుతుంది. అలా కనిపిస్తే నేను మీటర్‌తో వాదించను, రెజిన్ మార్చేస్తాను.

ఇక పోల్. అల్యూమినియంది చవక, కానీ పొడవు పెరిగేకొద్దీ బరువు. ఫైబర్ గ్లాస్‌ది పైకి తీశాక బాగా ఊగుతుంది, పైన బ్రష్ ఎక్కడుందో చేతికి తెలియదు. పూర్తి కార్బన్ ఫైబర్‌ది తేలిక, గట్టిగా నిలబడుతుంది, ధర మాత్రం ఎక్కువ. నేను తీసుకున్నది ఫైబర్ గ్లాస్, కార్బన్ రెండూ కలిపిన హైబ్రిడ్ రకం, 30 అడుగులు. రెండో అంతస్తు వరకు దాంతో ఏ ఇబ్బందీ లేదు. నీళ్లని పైకి పంపడానికి 12 వోల్ట్ పంపు చాలు, పొలాల్లో మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్లలో ఉండే లాంటిదే. పది మీటర్ల ఎత్తుకి ఒక బార్ ఒత్తిడి కావాలి, ఆ పంపు అంతకన్నా ఎక్కువే ఇస్తుంది. మందు కొట్టిన పాత స్ప్రేయర్‌ని మాత్రం దయచేసి ఈ పనికి వాడకండి. నిమిషానికి ఒకటిన్నర, రెండు లీటర్లు వదిలితే 20 లీటర్ల క్యాన్ పది నిమిషాల పైన వస్తుంది.

కరెంటు తీగల గురించి గట్టిగా చెప్పాలి. కార్బన్, అల్యూమినియం రెండింటిలోంచీ కరెంటు పారుతుంది. ఫైబర్ గ్లాస్ అయినా తడిసి ఉంటే భరోసా లేదు. మా వీధి వైపు గోడకి స్తంభం తీగలు దగ్గరగా వెళ్తాయి. ఆ పక్కనున్న రెండు కిటికీలకి పోల్ ఎత్తను, లోపలినుంచి చేయి అందినంత మేరకే తుడిపిస్తాను. అవి కాస్త మురికిగా ఉన్నా పర్వాలేదు.

అసలు పనితనం అంతా కడగడంలోనే ఉంది. కొత్తగా పట్టుకున్నవాళ్లు బలంగా రుద్ది, గబగబా కడిగేసి వదిలేస్తారు. ఆరాక చూస్తే చారలు. రుద్దడానికి ఎంతసేపు పడితే కడగడానికి అంతకన్నా ఎక్కువసేపు పట్టాలి. నేను పాటించే వరుస చెబుతాను.

ముందు రోజే లోపలినుంచి స్లైడింగ్ ట్రాక్‌లో ఇసుకంతా వాక్యూమ్‌తో లాగించి, నీళ్లు బయటికి పోయే చిన్న రంధ్రాలు తెరిచి ఉన్నాయో లేదో చూస్తాను. ఇది చేయకపోతే ట్రాక్ నిండి నీళ్లు హాల్లోకి వస్తాయి. పాత అల్యూమినియం కిటికీల్లో ఇది మరీ ఎక్కువ, యూపీవీసీ అనే ప్లాస్టిక్ కిటికీల్లో కొంత నయం. సజ్జా పైన పేరుకున్న ఆకులూ మట్టీ కూడా అప్పుడే పొడి చీపురుతో కిందికి లాగించేస్తాం.

తూర్పు కిటికీల సమయం చిక్కుగా ఉంటుంది. పొద్దెక్కితే ఎండ నేరుగా వాటి మీదే, అద్దం కాలిపోయి మురికినీళ్లు కడిగేలోపే ఆరిపోతాయి. మధ్యాహ్నం నీడ వస్తుంది గానీ అప్పటికి సముద్రపు గాలి లేచి నీళ్ల జెట్లని ఎటో కొట్టేస్తుంది. అందుకని వెలుతురు రాగానే, సూర్యుడు పైకి రాకముందే మొదలుపెడతాం. గాలి ఎటునుంచి వస్తోందో ఆ చివరి కిటికీతో మొదలుపెడితే, ఎగిరే తుంపర ఇంకా కడగని వాటి మీద పడుతుంది.

అద్దం మీద ఉప్పుతోపాటు సన్నటి ఇసుక కూడా ఉంటుంది. పొడి అద్దం మీద బ్రష్ పెట్టి రుద్దితే గీతలు పడతాయి. ముందు బ్రష్ ఆనించకుండా పైనుంచి నీళ్లు వదిలి ఇసుకని దింపేయాలి. ఉప్పు నీటిలో ఇట్టే కరుగుతుంది కాబట్టి సగం పని అక్కడే అయిపోతుంది. సముద్రం పక్కన ఇళ్లకి ఈ పద్ధతి ఇంత బాగా కుదరడానికి కారణం ఇదే. ఉప్పుని పొడి గుడ్డతో తుడిస్తే అద్దమంతా పులుముకుంటుంది. ఏ లవణమూ లేని నీళ్లు దాన్ని కరిగించి తీసుకుపోతాయి.

తర్వాత పై ఫ్రేము, ఆపైన పక్క ఫ్రేములు. ఫ్రేము రుద్దాక కొన్ని క్షణాలు ఆగి, అక్కడి నల్లనీళ్లు కారిపోనివ్వాలి. బ్రష్ సజ్జా అడుగుభాగానికి తగలకుండా చూసుకోవాలి. సిమెంటు ఒకసారి తడిసిందంటే చాలాసేపు చుక్క చుక్కగా కారుతూనే ఉంటుంది, కడిగిన అద్దం మీద తెల్ల చారలు గీస్తుంది. అప్పుడు అద్దాన్ని పైనుంచి కిందికి, ఒక పట్టీ మీద ఇంకో పట్టీ పడేలా రుద్దాలి. అంచుల్లో బ్రష్‌ని అడ్డంగా కూడా తిప్పాలి. గోడకి మరీ దగ్గరగా నిలబడితే మెడ విరుగుతుంది, మరీ దూరమైతే బరువంతా భుజాల మీద పడుతుంది. కొద్దిగా వాలుగా, బ్రష్ తన బరువుతోనే అద్దానికి ఆనేలా ఉంటే చాలు.

కడిగేటప్పుడు అద్దం స్వభావం చూడాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫానుకి మా తూర్పు అద్దాలు చాలావరకు పగిలిపోయాయి, మిగిలినవి కొన్నే. తర్వాత వేయించినవి రిఫ్లెక్టివ్ రకం. పాతవాటి మీద నీళ్లు పలచటి పొరలా కిందికి జారిపోతాయి. వాటికి బ్రష్‌ని అద్దం నుంచి కొంచెం ఎత్తి, పై అంచునుంచి నిదానంగా నీళ్లు పారిస్తే చాలు. కొత్తవాటి మీద నీళ్లు చుక్కలుగా విడిపోయి అక్కడక్కడా నిలబడిపోతాయి. వాటికి బ్రష్ ఎత్తకుండా, వెంట్రుకలు మెల్లగా ఆనిస్తూనే పైనుంచి కిందికి నీళ్లతో దింపుకుంటూ రావాలి, నీళ్లు కూడా ఎక్కువ పోయాలి. కిటికీ చుట్టూ సిలికాన్ పూసిన చోట కూడా ఇదే పరిస్థితి. ఈ ఒక్క తేడా తెలిశాక మా అద్దాల మీద చారల గొడవ చాలావరకు పోయింది.

మొదటిసారి ఫలితం చూసి నిరాశపడకండి. ఏళ్ల తరబడి వాడిన సబ్బు, స్ప్రేలు ఫ్రేము సందుల్లో ఉంటాయి, అవి కొంతకాలం కారుతూనే ఉంటాయి. మొదటిసారికి రెండు విడతలు కడగాలి. ఆ తర్వాత నెలకోసారి చేస్తే ఒక్క విడత సరిపోతుంది.

దీంతో కాని పనులూ ఉన్నాయి. బయటివైపు గ్రిల్ ఉన్న కిటికీకి ఇది దండగ, బ్రష్ అద్దాన్ని చేరదు. మన ఊళ్లో గ్రిల్ లేని ఇళ్లు తక్కువ కాబట్టి కొనేముందు మీది లోపలుందా బయటుందా చూసుకోండి. బయటికి దోమల మెష్ ఉంటే అది ఊడదీయాల్సిందే. ట్యాంకు పొంగి బోరు నీళ్లు కారిన చోట గట్టిపడిన తెల్ల మరకలకి ఎన్ని నీళ్లు పోసినా లాభం లేదు. వాటికి పలచటి ఆమ్లంతో చేతి పని కావాలి, అప్పటికే ఆ మరకలు అద్దాన్ని తినేసి ఉంటే అదీ పనిచేయదు. సిమెంటు చుక్కలు, పెయింటు కూడా అంతే. వన్‌టౌన్‌లో మా ఆడపడుచు వాళ్ల ఇంట్లో చేసి చూశాం. అక్కడ అద్దాల మీద నల్లటి సన్న పొడి పడుతుంది, అది ఉప్పులా కరగదు. అక్కడ కాస్త గట్టి వెంట్రుకల బ్రష్‌తో ఎక్కువసేపు రుద్దాల్సి వచ్చింది. అద్దాలు శుభ్రపడ్డాయి గానీ నీళ్లు మా ఇంటికన్నా బాగా ఎక్కువ పట్టాయి.

అపార్ట్‌మెంట్లలో ఉన్న బంధువులు అడుగుతుంటారు. మూడో అంతస్తు వరకు నమ్మకంగా చెప్పగలను. అయిదో అంతస్తుకి పొడవాటి కార్బన్ పోల్ కావాలి, అలవాటైన చెయ్యి కావాలి, కింద జనం నడవకుండా చూసే ఇంకో మనిషి కావాలి. అది అసోసియేషన్ తరఫున పని తెలిసినవాళ్లతో చేయించుకోవాల్సిందే.

పరికరం మన్నిక బాగానే ఉంది, ఉప్పుగాలికి తగ్గట్టు చూసుకుంటే. పని అయ్యాక ప్రతి గొట్టాన్నీ బయటికి తీసి కడిగి, నీడలో ఆరబెట్టి లోపల పెడతాం. కీళ్లలో ఇసుక చేరితే గొట్టాలు ఇరుక్కుపోతాయి, పైపూత గీసుకుపోతుంది. క్లాంపుల ఇనుప బోల్టులు తుప్పు పట్టాయి, స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించాను. పూత పోయిన చోట ఫైబర్ నూగు చేతికి గుచ్చుకుంటుంది, గ్లౌజులు లేకుండా ముట్టుకోనివ్వను. పంపు, బ్యాటరీ ఇంతవరకు ఇబ్బంది పెట్టలేదు. తరచూ ఖర్చు పెట్టించేది రెజిన్ ఒక్కటే.

బ్రష్ వెంట్రుకలు ఇప్పుడు బయటికి వంగిపోయాయి, దసరా లోపు మార్చాలి. ఈసారి రెండు జెట్లది కాకుండా నీళ్లు వెడల్పుగా పరిచే ఫ్యాన్ జెట్లున్నది తీసుకుంటున్నాను. చుక్కలుగా విడిపోయే ఆ కొత్త అద్దాలకి అదే సరిపోతుంది.