కొత్త హెడ్లు, రెండు క్యామ్‌షాఫ్టులు: 46 వేల కిలోమీటర్ల వాడకం తర్వాత

నా 2002 నాటి షెవ్రొలే కమారో కారులో 5.7 లీటర్ల ఎల్‌ఎస్1 ఇంజన్, ఆరు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్సు ఉన్నాయి. దానికి మెరుగుపరిచిన సిలిండర్ హెడ్లు (సిలిండర్లను పైనుంచి మూసే, వాల్వులు ఉండే భాగాలు) బిగించి ఐదేళ్లు దాటింది. ఈ ఐదేళ్లలో హెడ్లు మారలేదు కానీ ఆ వాల్వులను తెరిపించే కడ్డీ, అంటే క్యామ్‌షాఫ్టు (క్లుప్తంగా క్యామ్) మాత్రం ఒకసారి మారింది. మొదటి క్యామ్‌తో 9 వేల కిలోమీటర్లు, రెండో దానితో 37 వేల కిలోమీటర్లు నడిపాను. అవే హెడ్లు, అదే ఎగ్జాస్టు, అదే గేర్ల నిష్పత్తి ఉండగా ఒక్క క్యామ్ మార్పుతో బండి స్వభావం ఎంత మారుతుందో దగ్గరగా చూసే అవకాశం నాకు అలా దక్కింది, అయితే అది నేను కోరి తెచ్చుకున్న అవకాశం కాదు, నా పొరపాటు వల్ల వచ్చినది.

1997లో కార్వెట్‌తో వచ్చిన ఎల్‌ఎస్1కు ఫ్యాక్టరీ ఇచ్చిన క్యామ్ చాలా నెమ్మదైనది. నా సంవత్సరపు మోడల్‌లో ఇన్‌టేక్ డ్యూరేషన్ (గాలిని లోపలికి వదిలే వాల్వు తెరిచి ఉండే కాలం, ఇంజన్ తిరిగే డిగ్రీలలో), లిఫ్టరు (క్యామ్ మీద ఆనుకుని పైకి లేచే భాగం) 1.27 మిల్లీమీటర్లు లేచిన దగ్గర కొలిస్తే, 200 డిగ్రీలకు లోపే ఉంటుంది. ఇకపై నేను చెప్పే డిగ్రీలన్నీ ఇదే ఎత్తు దగ్గర కొలిచినవి. కొందరు వాల్వు కదలడం మొదలైన చోటు నుంచి కొలిచిన అంకెలు చెప్తారు, ఆ అంకెలు 50 డిగ్రీలకు అటూఇటూగా పెద్దవిగా కనిపిస్తాయి కనుక రెండింటినీ కలిపి పోల్చితే లెక్కంతా తప్పుతుంది. పాత హెడ్ల స్థానంలో నేను ఎల్‌ఎస్6 ఇంజన్ తరహా 243 హెడ్లు తీసుకుని, పోర్టులు (గాలి వెళ్లే దారులు) చెక్కించి, అడుగు భాగాన్ని అర మిల్లీమీటరు మేర మిల్లింగ్ చేయించాను. వాల్వులు మాత్రం అసలు సైజువే, అంటే ఇన్‌టేక్ 50.8, ఎగ్జాస్టు 39.4 మిల్లీమీటర్లు. కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని ఎన్ని రెట్లు నొక్కుతుందన్న నిష్పత్తి, సుమారు 10.8కి చేరింది.

హెడ్లు ఇంటికి రాకముందే క్యామ్ కొనేయడం నా మొదటి తప్పు. ఇన్‌టేక్ 236, ఎగ్జాస్టు 242 డిగ్రీలు, లోబ్ సెపరేషన్ (క్యామ్ మీది ఇన్‌టేక్, ఎగ్జాస్టు ఉబ్బెత్తుల శిఖరాల మధ్య కోణం) 112, లిఫ్ట్ (వాల్వు లేచే ఎత్తు) 15.6 మిల్లీమీటర్లు ఉన్న ఆ క్యామ్‌ను ఎందుకు ఎంచుకున్నావని ఎవరైనా అడిగితే, నిజాయతీగా చెప్పగలిగే సమాధానం ఒక్కటే: దాని శబ్దం నాకు నచ్చింది. మంచి హెడ్లకు పెద్ద క్యామ్ ఉండాలన్న మాట అందరి నోటా వినబడుతుంది. జరిగేది చాలావరకు దానికి తలకిందులు. గాలి ధారాళంగా వెళ్లే దారి ఉన్నప్పుడు వాల్వును అంతసేపు తెరిచి ఉంచాల్సిన పని లేదు. ఇరుకైన హెడ్‌కు డ్యూరేషన్ పెంచి సాధించే దానిని మంచి హెడ్ తక్కువ డ్యూరేషన్‌తోనే ఇస్తుంది, పైగా కింది ఆర్‌పీఎంలో బలం పోకుండా ఇస్తుంది.

హెడ్లతో పాటు వచ్చిన ఫ్లో బెంచి (హెడ్ గుండా ఎంత గాలి వెళ్తుందో కొలిచే యంత్రం) కాగితాన్ని నేను క్యామ్ బిగించిన ఏడాదికి గానీ శ్రద్ధగా చదవలేదు. 28 అంగుళాల నీటి పీడనం దగ్గర, 14 మిల్లీమీటర్ల లిఫ్టులో ఇన్‌టేక్ పోర్టు నిమిషానికి 288 ఘనపుటడుగుల గాలిని పంపుతోందని, 15.2 మిల్లీమీటర్ల దగ్గర అది 290 మాత్రమేనని అందులో ఉంది. అంటే 14 దాటాక వాల్వును ఎంత ఎత్తినా అదనంగా వచ్చే గాలి లేదు, స్ప్రింగులకు శ్రమ తప్ప. వాల్వు గరిష్ఠ ఎత్తుకు ఒక్కసారే చేరుతుంది, మధ్య ఎత్తుల గుండా మాత్రం లేచేటప్పుడొకసారి, దిగేటప్పుడొకసారి వెళ్తుంది. కాబట్టి కాగితంలో చివరి అంకెను చూసి మురిసిపోవడం కన్నా 5 నుంచి 12 మిల్లీమీటర్ల మధ్య వరుసలను చూడడమే మేలు. ఇంకో సంగతి, వేర్వేరు బెంచీల మీద, వేర్వేరు పీడనాల దగ్గర, వేర్వేరు బోరు (సిలిండర్) వ్యాసాల మీద తీసిన అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం వల్ల ఉపయోగం లేదు.

అదే కాగితంలో ఎగ్జాస్టు అంకె 215. ఇన్‌టేక్‌లో అది 75 శాతం. ఎగ్జాస్టు బలహీనంగా ఉన్న హెడ్లకు ఎగ్జాస్టు డ్యూరేషన్‌ను ఇన్‌టేక్ కన్నా బాగా పెంచుతారు, కానీ పొడవు గొట్టాల హెడర్లు, పెద్ద ఎగ్జాస్టు పైపు ఉన్న నా కారుకు 4 డిగ్రీల తేడా సరిపోయింది.

మొదటి క్యామ్‌తో బతుకు ఎలా ఉండేదో చెప్తాను. ఓవర్‌ల్యాప్ లెక్క కష్టమైనది కాదు: రెండు డ్యూరేషన్ల సగటులోంచి లోబ్ సెపరేషన్‌కు రెట్టింపును తీసేస్తే వచ్చేదే ఓవర్‌ల్యాప్. 239లోంచి 224 తీసేస్తే 15 డిగ్రీలు మిగులుతాయి. ఆ 15 డిగ్రీల సేపు ఇన్‌టేక్, ఎగ్జాస్టు వాల్వులు రెండూ తెరిచే ఉండడంతో, ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరిగేటప్పుడు) కాలిన వాయువు కొంత వెనక్కి, సిలిండర్లకు గాలి పంచే మ్యానిఫోల్డులోకి వచ్చేది, కాలని గాలి కొంత నేరుగా సైలెన్సర్ వైపు పోయేది. 1000 ఆర్‌పీఎం దగ్గర కూడా ఇంజన్ కుదురుగా తిరిగేది కాదు. మ్యానిఫోల్డు పీడనం 62 కిలోపాస్కల్స్ దగ్గర ఊగేది, బ్రేకుకు సాయపడే వాక్యూమ్ చాలక బ్రేకు పెడల్ రెండోసారి తొక్కేసరికి రాయిలా గట్టిపడేది. ట్రాఫిక్‌లో మొదటి, రెండో గేర్లలో 1800 ఆర్‌పీఎం కన్నా కిందికి దిగితే బండి గుర్రపు పిల్లలా ఎగిరెగిరి పడేది. గ్యారేజీలో పెట్రోలు వాసన ఎప్పుడూ వదిలేది కాదు.

ఆ వాసనకు కారణం కనుక్కోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఓవర్‌ల్యాప్ వల్ల మండకుండా పోయిన గాలిలోని ప్రాణవాయువును ఎగ్జాస్టులోని ఆక్సిజన్ సెన్సార్ పసిగట్టి, ఇంధనం తక్కువగా ఉందని కంప్యూటర్‌కు తప్పుగా చెప్పేది. కంప్యూటర్ దాని మాట నమ్మి ఇంకా పెట్రోలు పోసేది. మనిషి కళ్లు మండేంత ఇంధనం పోతుంటే స్కానర్ తెర మీద మాత్రం అంతా సవ్యంగా కనిపించేది! ఐడిల్‌లో సెన్సార్ మాట వినకుండా, కంప్యూటర్‌లోని గాలి లెక్కల పట్టికను చేత్తో సరిచేసి ట్యూన్ చేశాకే అది తగ్గింది. పెద్ద క్యామ్ వేసుకున్నవారు ఐడిల్‌లో సెన్సార్ రీడింగును గుడ్డిగా నమ్మవద్దని నా మనవి.

న్యాయంగా ఒప్పుకోవాల్సినది ఒకటుంది. 4500 దాటాక ఆ క్యామ్ అద్భుతంగా ఉండేది. చక్రాల దగ్గర 412 అశ్వశక్తి, అది కూడా 6700 ఆర్‌పీఎం దగ్గర, డైనో (బలాన్ని కొలిచే యంత్రం) మీద చూశాను. కానీ నేను రోడ్డు మీద గడిపే సమయంలో వంద పాళ్లలో తొంభై ఐదు పాళ్లు 4000కు లోపే గడుస్తుంది. చెప్పుకు సరిపోయేలా కాలు కోసుకున్నట్టు, క్యామ్‌కు సరిపోయేలా నా నడక మార్చుకోవాల్సి వచ్చింది.

రెండో క్యామ్‌ను హెడ్ల కాగితం, కంప్రెషన్, బండి బరువు, వెనుక గేర్ నిష్పత్తి 3.42, నేను నిజంగా వాడే ఆర్‌పీఎం అన్నీ ముందు రాసుకుని ఎంచుకున్నాను. ఇన్‌టేక్ 224, ఎగ్జాస్టు 228, లోబ్ సెపరేషన్ 114, లిఫ్ట్ 14.8 మిల్లీమీటర్లు. ఓవర్‌ల్యాప్ 15 నుంచి మైనస్ 2కు దిగింది, అంటే ఈ కొలత ప్రకారం రెండు వాల్వులూ కలిసి తెరిచి ఉండే సమయమే లేదు. దానికన్నా ముఖ్యమైనది ఇన్‌టేక్ వాల్వు మూసుకునే సమయం. మొదటి దానిలో పిస్టన్ అడుగుకు చేరి పైకి మళ్లిన 48 డిగ్రీలకు మూసుకునేది, రెండో దానిలో 42కే మూసుకుంటుంది. పిస్టన్ పైకి వస్తున్నా వాల్వు ఇంకా తెరిచి ఉంటే, నెమ్మదిగా తిరిగే ఇంజన్‌లో లోపలికి వచ్చిన గాలే తిరిగి బయటకు పోతుంది, అలాంటప్పుడు కాగితం మీద కంప్రెషన్ 10.8 ఉన్నా ఇంజన్‌కు అది అందదు. కాలక్రమంలో నాకు అర్థమైనదేమిటంటే, ఒక క్యామ్ కార్డులో (క్యామ్‌తో వచ్చే కొలతల కాగితంలో) ఒకే ఒక్క అంకె చూసే వీలుంటే నేను చూసేది ఈ మూసుకునే డిగ్రీనే.

ఈ ఇంజన్‌లో క్యామ్ మార్చడానికి హెడ్లు విప్పనక్కర్లేదు. లిఫ్టరు కదలికను వాల్వుకు చేర్చే మీటలు, కడ్డీలు, అంటే రాకర్లు, పుష్‌రాడ్లు తీసేసి పాత క్యామ్‌ను ఒకటి రెండు చుట్లు తిప్పితే లిఫ్టర్లు పైకి లేచి ప్లాస్టిక్ గూళ్లలో నిలబడిపోతాయి. ముందున్న రేడియేటర్ తీసి, క్యామ్‌ను నెమ్మదిగా బయటకు లాగవచ్చు. విప్పడం సులువు కనుక కొలతలు కూడా సులువనుకోవద్దు.

ఎల్‌ఎస్1 పిస్టన్ల పైభాగం చదునుగా ఉంటుంది, వాల్వుల కోసం గుంటలు ఉండవు. హెడ్‌ను మిల్లింగ్ చేస్తే వాల్వు పిస్టన్‌కు ఆ మేరకు దగ్గరవుతుంది. డయల్ గేజీ, పలచటి స్ప్రింగులు పెట్టి పిస్టన్ పై చివరకు చేరడానికి 10 డిగ్రీల ముందు ఎగ్జాస్టును, చేరిన 10 డిగ్రీల తర్వాత ఇన్‌టేక్‌ను కొలవాలి, ఎందుకంటే దూరం బాగా తగ్గేది ఆ చుట్టుపక్కలే. ఇన్‌టేక్‌కు 2, ఎగ్జాస్టుకు 2.5 మిల్లీమీటర్లు కనీసంగా పాటిస్తారు. మొదటి క్యామ్‌కు నా ఇంజన్‌లో ఇన్‌టేక్ దగ్గర 1.9 వచ్చింది. అప్పుడు దానిని పట్టించుకోకుండా నడిపాను. గేరు తప్పుగా పడి ఇంజన్ ఒక్కసారి హద్దు దాటి తిరిగి ఉంటే ఈ సమీక్ష మరోలా ఉండేది. రెండో దానికి 2.7 వచ్చింది.

క్యామ్‌ను తిప్పే టైమింగ్ చెయిన్ చుక్కకు చుక్క కలిపితే చాలనే ధీమా నాకూ ఉండేది. డిగ్రీ చక్రం పెట్టి చూస్తే క్యామ్ తన కార్డులో చెప్పిన చోటు కన్నా 2 డిగ్రీలు వెనకబడి ఉంది. సర్దుబాటు ఉన్న స్ప్రాకెట్ వాడి దానిని సరిచేశాను. కేవలం 2 డిగ్రీలే కదా అనిపించవచ్చు, కానీ 48కీ 42కీ ఉన్న తేడా 6 డిగ్రీలే.

పుష్‌రాడ్ పొడవు విషయం చాలామంది వదిలేస్తారు. హెడ్ మిల్లింగ్ అయితే పొడవు తగ్గాలి, కొత్త క్యామ్‌కు అడుగు వలయం (లోబ్‌లో ఉబ్బు లేని గుండ్రటి భాగం) చిన్నదైతే పొడవు పెరగాలి. రెండూ ఒకదానినొకటి సరిచేస్తాయిలే అని ఊహించుకుని మొదటిసారి పాతవే వాడాను. ఫలితంగా లిఫ్టర్లు అతిగా నొక్కుకుని, వేడెక్కాక రెండు సిలిండర్లలో వాల్వులు పూర్తిగా మూసుకునేవి కావు. సర్దుబాటు పుష్‌రాడ్‌తో కొలిచి, లిఫ్టరుకు 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల ప్రీలోడ్ (ముందస్తు నొక్కు) వచ్చేలా చూస్తే నా ఇంజన్‌కు 187.3 మిల్లీమీటర్లు కావాలని తేలింది. ఫ్యాక్టరీవి దాదాపు 188. తేడా ముప్పావు మిల్లీమీటరు కూడా లేదు.

హెడ్లు చెక్కిన మెషిన్ షాపు మీద నాకు ఒక ఫిర్యాదు మిగిలింది. ఏడో సిలిండర్ ఎగ్జాస్టు వాల్వు సీటును మిగతావాటి కన్నా లోతుగా కోశారు. దానివల్ల అక్కడ స్ప్రింగు బిగింపు ఎత్తు 0.8 మిల్లీమీటర్లు ఎక్కువై, బలం తగ్గింది. షిమ్ (పలచటి వాషరు) వేసి సరిచేసుకున్నాను. హెడ్లు ఎంత పేరున్న చోటు నుంచి వచ్చినా పదహారు స్ప్రింగుల ఎత్తులూ విడివిడిగా కొలుచుకోవాలి.

ఇక 37 వేల కిలోమీటర్ల వాడకం. ఐడిల్ 850 దగ్గర నిలుస్తుంది, పీడనం 48 కిలోపాస్కల్స్, బ్రేకులు మామూలుగా పనిచేస్తున్నాయి. 1300 నుంచి మూడో గేరులో విసుక్కోకుండా లాగుతుంది. డైనో మీద 401 అశ్వశక్తి వచ్చింది, అంటే పదకొండు పోయాయి. అయితే 3000 దగ్గర టార్క్ మొదటి క్యామ్ కన్నా దాదాపు 38 న్యూటన్ మీటర్లు ఎక్కువ. హైవే మైలేజి లీటరుకు 8 కిలోమీటర్ల నుంచి 10.5కు పెరిగింది. రెండు కార్లు పక్కపక్కన కదిలినట్టు ఊహించుకుంటే, మొదటి క్యామ్ ఉన్న కారు గెలిచేది చాలా పొడవైన, ఖాళీ దారి మీద మాత్రమే.

అరుగుదల గురించి. 24 వేల కిలోమీటర్ల దగ్గర స్ప్రింగులు తీసి పరీక్షిస్తే మూసిన స్థితిలో బలం 5 శాతం మేర తగ్గింది, మార్చేశాను. డబుల్ స్ప్రింగులను ఇంజన్ ఉన్నంత కాలం ఉండేవిగా భావించవద్దు, టైర్లలాగా అవీ అరిగే సామానే. రాకర్ల సూది బేరింగుల స్థానంలో మొదటే బుషింగులు వేయించడం మంచిదయింది, అవి ఇప్పటికీ బాగున్నాయి. లోబ్‌ల మీద గీతలు లేవు. వాల్వు గైడ్లు మాత్రం కొద్దిగా వదులయ్యాయి, 5 వేల కిలోమీటర్లకు అర లీటరు ఆయిల్ తాగుతోంది. నిటారైన లోబ్‌ల వల్ల వచ్చే కుట్టుమిషన్ లాంటి చప్పుడు చల్లటి ఉదయాల్లో బాగా వినిపిస్తుంది. నాకు అలవాటైంది కానీ, పక్క సీటులో కూర్చున్నవారు ఏదో పాడైందేమోనని ప్రతిసారీ అడుగుతారు.

తీసేసిన మొదటి క్యామ్ ఆయిల్ కాగితంలో చుట్టి రెండేళ్లు అల్మారాలో ఉంది. చివరకు ఒక మిత్రుడు దానిని పిస్టన్లలో వాల్వు గుంటలున్న తన 7 లీటర్ల ఇంజన్‌లో వేసుకున్నాడు. నా ఇంజన్‌లో 1000 దగ్గర కూడా కుదురుగా తిరగని ఆ క్యామ్, ఘనపరిమాణం పెరిగేసరికి డ్యూరేషన్ చిన్నదైనట్టే ప్రవర్తిస్తూ, అతని దగ్గర 900 ఆర్‌పీఎంలో నిలకడగా తిరుగుతోంది.