గోగాన్ స్మృతులా, వాన్ గో ఉత్తరాలా?

చిత్రకారుడి ప్రయాణాలు, కలలు, పని కష్టం అతని మాటల్లోనే చదవాలనుకుంటే నాకు రెండు గుర్తొస్తాయి. ఒకటి పాల్ గోగాన్ ‘నోవా నోవా’, రెండోది విన్సెంట్ వాన్ గో తమ్ముడు థియోకు రాసిన ఉత్తరాలు. 1888లో గోగాన్, వాన్ గో ఇద్దరూ దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆర్ల్ అనే ఊళ్లో దాదాపు రెండు నెలలు ఒకే ఇంట్లో ఉన్నారు. రాతలో మాత్రం పోలికే లేదు.

గోగాన్ 1891లో పసిఫిక్ సముద్రంలోని తహితి దీవికి వెళ్లాడు, 1893లో ఫ్రాన్స్‌కు తిరిగొచ్చి ఈ స్మృతులు మొదలుపెట్టాడు. పేరుకు అర్థం సువాసన. చిన్న పుస్తకం. అడవి, రాత్రి, దేవతలు ఒక కలలా సాగిపోతాయి. అయితే తన బొమ్మలు పారిస్ జనానికి అర్థం కావాలని రాసింది కాబట్టి, జరిగినదీ ఊహించినదీ కలిసిపోయాయి. పదమూడేళ్ల అమ్మాయిని భార్యగా తెచ్చుకున్నానని రాసిన పేజీలు చదువుతుంటే మనసు చివుక్కుమంటుంది. వాటిని దాటేసి పుస్తకాన్ని మెచ్చుకోవడం నావల్ల కాదు.

ఉత్తరాల్లో ఆ ముస్తాబు ఉండదు. థియోకు రాసినవే 600కు పైగా ఉన్నాయి. రంగులకు డబ్బు కావాలని అడిగిన ఉత్తరంలోనే ఆ రంగుల గురించి పేజీలకు పేజీలు రాస్తాడు. మధ్యధరా సముద్రం చూసినప్పుడు అది ఆకుపచ్చో, ఊదానో, నీలమో తేల్చుకోలేకపోయాడు, క్షణంలో మళ్లీ గులాబీ రంగుకు మారిపోతుందట. కొన్ని ఉత్తరాలు విసుగే, అయినా నా ఓటు వీటికే. మొదటి నుంచి చదవక్కర్లేదు, 1888 ఫిబ్రవరిలో ఆర్ల్‌లో దిగిన రోజుల నుంచి మొదలుపెట్టండి.