తాళం తీయడానికి కార్డా, లాక్ పిక్కా?

నెట్‌హ్యాక్ అనే కంప్యూటర్ గేమ్‌లో టూరిస్ట్ పాత్రతో మొదలుపెడితే చేతిలో క్రెడిట్ కార్డ్ ఉంటుంది, రోగ్ (దొంగ) పాత్రకైతే లాక్ పిక్, అంటే తాళాలు తీసే పనిముట్టు. మా తిరుపతిలో టూరిస్టులకేం కొదవ అనుకుని నేనూ టూరిస్ట్‌నే తీసుకుని, అలిపిరి దగ్గర రూమ్‌లో కరెంటు పోయేదాకా ఆడాను. డెక్స్‌టెరిటీ (పాత్ర చేతి నేర్పుకిచ్చే అంకె) 10 ఉంటే తలుపు తెరుచుకునే అవకాశం టర్న్‌కి కార్డుతో 20 శాతం, పిక్‌తో 30. సర్లే, తలుపైతే తన్నినా పోతుంది. పెట్టెల దగ్గరే ఏడుపొస్తుంది: కార్డుకి 10 శాతమే, పిక్‌కి 40! పైగా కార్డుతో తాళం తీయడమే కానీ వేయలేం, వెనక ఏదో తరుముకొస్తుంటే తలుపు మూసి తాళం బిగించాలంటే పిక్ ఉండాల్సిందే. బరువు కార్డుదే తక్కువ, కానీ ఎవడిక్కావాలి? పిక్ దొరగ్గానే కార్డు అక్కడే పడేశాను.