కథ అయ్యాక అడగాలా, మధ్యలో ఆపి అడగాలా?

గుమ్మం ముందు కొత్త చెప్పులు కనబడితే ఆరేళ్ల పిల్ల "చుట్టాలొచ్చారు" అనేస్తుంది. వంటింట్లోంచి ఇంగువ పోపు వాసన వస్తే "ఇవాళ పులిహోర" అంటుంది. ఎవరూ నేర్పకుండానే వచ్చిన తెలివి అది. అదే పిల్ల చేతిలో పుస్తకం పెడితే, అచ్చులో ఉన్న మాట దాటి ఒక్క అడుగు వేయదు. మూడో తరగతికి తెలుగు చెప్తూ ఏటా ఇదే చూస్తున్నాను.

మొన్న బోర్డు మీద మూడు వాక్యాలు రాశాను. "సీత గొడుగు మూలన పెట్టింది. చీర చెంగు పిండుకుంది. అమ్మ తువ్వాలు అందించింది." గొడుగు ఎక్కడ పెట్టిందంటే తరగతంతా ఒక్క గొంతుతో "మూలన" అంది. బయట ఎలా ఉందంటే చప్పుడు లేదు. కాసేపటికి ఒకడు లేచి, "వాన అని రాయలేదు కదా టీచర్" అన్నాడు. వాడికి వాన తట్టింది. రాయని మాట కూడా చెప్పొచ్చని వాడికి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

ఇలా రాయని మాట పట్టుకోవడం నేర్పడానికి మూడు దారులు చూశాను. మనకు బాగా అలవాటైన మొదటిది, పాఠం అయ్యాక ప్రశ్నలడగడం. నలభై మంది ఉన్న తరగతిలో అది తేలిక, నోట్సు దిద్దుకోవచ్చు. కానీ పిల్లలు ప్రశ్నలో ఉన్న మాట పాఠంలో ఎక్కడుందో వెతికి, ఆ వాక్యం ఎత్తి రాసేస్తారు. కథ అర్థం కాకుండానే మార్కులొస్తాయి.

రెండోది పొడుపు కథ. "తెల్లని పొలంలో నల్లని విత్తనాలు, చేత్తో చల్లుతారు, నోటితో ఏరుతారు." పిల్లలు నువ్వులని మొదలుపెడతారు, మినుములంటారు. నోటితో ఏరడం దగ్గరకొచ్చేసరికి అవేవీ నిలబడవు, పుస్తకంలో అక్షరాలు బయటపడతాయి. ఒక్క ఆనవాలు చాలదు, అన్నీ కలవాలి అన్న సంగతి ఇంతకన్నా బాగా నేర్పేది నాకు కనబడలేదు. ఇంకా చదవడం రాని పిల్లలకీ, బస్సు ప్రయాణాలకీ ఇదే మేలు. చిక్కల్లా ఒకటే: ఇక్కడేదో దాగుందని పొడుపు కథ ముందే చెప్పేస్తుంది. కథ అలా చెప్పదు.

అందుకే నేను మూడోదాని వైపు మొగ్గుతాను. చదువుతూ చదువుతూ సరైన చోట ఆగడం. పంచతంత్రంలో నక్క గుహ దగ్గరికొస్తుంది. సింహం అడుగుజాడలు లోపలికి వెళ్లినవి ఉన్నాయి, బయటికి వచ్చినవి లేవు. అక్కడ పుస్తకం మూసి "నువ్వు నక్కవైతే లోపలికి వెళ్తావా?" అని అడుగుతాను. జవాబు ఏదైనా సరే, రెండో ప్రశ్న తప్పకుండా వేస్తాను: "ఏ మాట చూసి అలా అనుకున్నావు?" ఆ వాక్యం మీద వేలు పెట్టి చూపించాలి. అసలు పనంతా ఈ రెండో ప్రశ్నదే. అది లేకపోతే పిల్లలు నోటికొచ్చింది అనేస్తారు, మనం దాన్నే ఊహ అనుకుంటాం.

సీత విషయంలో ఒక పాప "స్నానం చేసొచ్చింది" అంది. తప్పు అనలేదు నేను. "మరి గొడుగెందుకు?" అన్నాను. మళ్లీ చదువుకుని, "వాన!" అంది. వెనక బెంచీ నుంచి ఇంకొకడు, "గొడుగున్నా తడిసిందంటే గాలివాన టీచర్" అన్నాడు. అంతదూరం నేనే ఆలోచించలేదు.

కథకి రెండుసార్లు మించి ఆపకండి, పిల్లలకి విసుగొస్తుంది. పాఠం చివరి ప్రశ్నలు మానెయ్యమనీ అనను. ఒక్కో జవాబు కింద "ఎలా తెలిసింది?" అన్న మాట చేర్చండి, చాలు.

పిల్ల ఆగిపోయిన ప్రతిసారీ ఆలోచన రాక కాదు, ఒక్కోసారి ఆ మాటే తెలియదు. "వాకిట్లో కళ్లాపి తడి ఇంకా ఆరలేదు" అని చదివితే అది పొద్దుటి పూట అని మన పల్లెల్లో పిల్లకి ఇట్టే తెలుస్తుంది. డాలస్‌లో పెరుగుతున్న మనవరాలికి వీడియో కాల్‌లో కథ చదివే అమ్మమ్మ, కళ్లాపి ఎప్పుడు చల్లుతారో ముందు చెప్పాలి. చెప్పి, అప్పుడు అడగాలి: "ఇప్పుడు టైమెంతై ఉంటుందే?"