విదేశాలకి మాత్రలు పట్టుకెళ్తున్నారా? ఐఎన్‌సీబీ పేజీ మీద నా రివ్యూ (3.5/5)

దీని గురించి చాలామందికి తెలీదు, అందుకే రాస్తున్నా. ఐఎన్‌సీబీ అంటే ఇంటర్నేషనల్ నార్కోటిక్స్ కంట్రోల్ బోర్డు, ఆఫీసు వియన్నాలో, మెంబర్లు 13 మంది. మత్తుమందుల మీద దేశాలన్నీ కలిసి రాసుకున్న 1961, 1971, 1988 ఒప్పందాలు సరిగ్గా అమలవుతున్నాయా లేదా అని చూడటం వీళ్ళ పని. వాళ్ళ సైట్‌లోనే, డాక్టర్ రాసిన మందులు వెంట పట్టుకెళ్ళేవాళ్ళ కోసం దేశాలవారీగా రూల్స్ పెట్టిన సెక్షన్ ఒకటుంది. డబ్బులేం కట్టక్కర్లేదు.

మనం వేసుకునే మాత్రలకీ డ్రగ్స్ చట్టాలకీ ఏంటి సంబంధం అంటారా, తిరకాసంతా అక్కడే. నిద్ర పట్టడానికి, కంగారు తగ్గడానికి ఇచ్చే ఆల్ప్రజోలం, క్లోనజెపామ్, డయజెపామ్ అన్నీ 1971 ఒప్పందం లిస్టులో ఉన్నవే. కొన్ని దగ్గు సిరప్‌లలో ఉండే కోడీన్ 1961 దాంట్లో ఉంది. జలుబు మాత్రల్లో వచ్చే సూడోఎఫెడ్రిన్ అయితే మెత్ అనే మత్తుమందు వండటానికి ముడిసరుకుగా వాడతారు కాబట్టి 1988 దాంట్లోకి ఎక్కింది. స్మగ్లర్‌ని పట్టుకోడానికి పెట్టిన వలలో బీపీ మాత్రలతో పాటు ఒక నిద్రమాత్రల స్ట్రిప్ పెట్టుకున్న పెద్దాయన కూడా పడతాడన్నమాట.

ఇక పేజీ సంగతి. దేశం పేరు వెతుక్కుని తెరిస్తే ఎన్ని రోజులకి సరిపడా తీసుకెళ్ళొచ్చు, ఏం కాగితాలు కావాలి, అక్కడ ఎవర్ని అడగాలి అని ఉంటుంది. నాకు బాగా నచ్చింది ఆ చివరిదే, అంటే ఆ దేశంలో ఈ విషయం చూసే డిపార్ట్‌మెంట్ ఏదో తెలుస్తుంది, లేకపోతే మనం ఎంబసీకి ఫోన్ చేస్తే వాళ్ళు ఎయిర్‌లైన్స్‌ని అడగండి అంటారు, ఎయిర్‌లైన్స్ వాళ్ళు ఎంబసీని అడగండి అంటారు, ఆ తిప్పలు తప్పుతాయి. ఎల్లో లిస్ట్, గ్రీన్ లిస్ట్, రెడ్ లిస్ట్ అని మందుల జాబితాలు కూడా ఆ సైట్‌లోనే ఉన్నాయి. అందులో మీ స్ట్రిప్ మీదున్న కంపెనీ పేరు వెతికితే దొరక్కపోవచ్చు, చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు కొట్టండి.

ఇప్పుడు అసలు కంప్లయింట్. ఆ లిస్టులు ఒప్పందాల్లో ఉన్న మందులకే. ట్రమడాల్ తీసుకోండి, మామూలు నొప్పి మాత్రే, అంతర్జాతీయ లిస్టులో లేదు, కానీ ఈజిప్టులో అది కంట్రోల్డ్ డ్రగ్, అంటే ఆంక్షలున్న మందు, మన ఇండియా కూడా 2018లో దాన్ని ఎన్‌డీపీఎస్ చట్టం (మన మత్తుమందుల చట్టం) కిందకి తెచ్చింది. నరాల నొప్పికి తెగ రాసే ప్రీగాబాలిన్ కూడా అంతే, బ్రిటన్ 2019లో దాన్ని క్లాస్ సి డ్రగ్, అంటే వాళ్ళ డ్రగ్స్ చట్టం కిందకొచ్చే మందు చేసింది, ఐఎన్‌సీబీ లిస్టులో మాత్రం కనపడదు. లిస్టులో లేదు కదా అని ధీమాగా బయల్దేరితే ఇరుక్కునేది ఇలాంటి వాటితోనే. పైగా ఆ రూల్స్ ఆయా ప్రభుత్వాలు పంపిస్తేనే పేజీలో పెడతారు, పంపనివాళ్ళ సంగతి అంతే.

దేశానికీ దేశానికీ తేడా చూస్తే తల తిరుగుతుంది. జపాన్‌లో యాంఫెటమిన్ ఉన్న ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరని సమస్య) మందులు ప్రిస్క్రిప్షన్ ఉన్నా సరే అస్సలు కుదరవు, మార్ఫిన్ లాంటివాటికి ముందే పర్మిషన్ కావాలి, సూడోఎఫెడ్రిన్ 10 శాతం దాటిన జలుబు మందుకి కూడా అంతే. బ్రిటన్ మాత్రం 3 నెలల లోపు మోతాదుకి లైసెన్స్ అడగదు, అవి మీకోసమే రాసినవని చూపిస్తే చాలు. షెన్‌జెన్ దేశాల్లో (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాలు) ఉండేవాళ్ళు ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్ళేటప్పుడు డాక్టర్ రాసే సర్టిఫికెట్ ఉంటుంది, 30 రోజులే చెల్లుతుంది. యూఏఈలో కోడీన్, ట్రమడాల్ లాంటివాటికి ముందే ఆన్‌లైన్‌లో పర్మిషన్‌కి అప్లై చేసుకోవాలి. (అక్కడ గసగసాలు కూడా నిషేధమే, నల్లమందు మొక్కవే కదా, మాత్రల గురించి ఆలోచించేవాళ్ళు అది మర్చిపోతారు.)

1971 ఒప్పందం 4వ ఆర్టికల్‌లోనే ప్రయాణికులు సొంతానికి కొద్దిగా పట్టుకెళ్ళడానికి దేశాలు ఒప్పుకోవచ్చని రాసుంది, కాకపోతే అవి సక్రమంగా కొన్నవేనా అని తేల్చుకునే హక్కు కూడా వాళ్ళకే ఇచ్చింది. అందుకే వారం మాత్రల డబ్బాలోకి మార్చకుండా ఒరిజినల్ స్ట్రిప్‌లతోనే పెట్టుకోండి, ప్రిస్క్రిప్షన్‌లో మందు అసలు పేరు ఇంగ్లీషులో టైప్ చేయించుకోండి, డాక్టర్ల చేతిరాత మన మెడికల్ షాపువాళ్ళకే అర్థం కాదు, కస్టమ్స్ వాడికేం అర్థమవుతుంది.

ఒకటిన్నర స్టార్ కోసింది లిస్టులో లేని మందుల గొడవకే. ఎవర్ని అడగాలో ఇక్కడ చూసుకుని, మీ మందు పేరు రాసి ఆ దేశం వాళ్ళకే మెయిల్ పెట్టి, వచ్చిన జవాబు ప్రింట్ తీసి పాస్‌పోర్ట్‌తో పాటు ఉంచుకోండి. మధ్యలో విమానం మారే దేశం రూల్స్ కూడా ఇదే పేజీలో చూడండి, ఎక్కువమంది వదిలేసేది అదే.