బీన్‌కి పది నిమిషాలు, ఫౌంటెన్‌కి రెండు గంటలు

చికాగో డౌన్‌టౌన్‌లోని మిలీనియం పార్క్‌కి ఇప్పటికి నాలుగైదుసార్లు వెళ్లుంటాం. ఇండియా నుంచి ఎవరొచ్చినా మొదటి శనివారం అక్కడికే. అక్కడ బీన్ అని పిలిచే, చిక్కుడుగింజ ఆకారంలో అద్దంలా మెరిసే పెద్ద స్టీలు శిల్పం ముందు ఫోటోలు దిగడం, గంటన్నరలో బయటపడటం, అంతే. ఈసారి జులైలో అమ్మ వచ్చినప్పుడు మాత్రం పొద్దున పదింటి నుంచి సాయంత్రం దాకా అక్కడే గడిపాం. మా వాడికి ఏడేళ్లు, పాపకి నాలుగు.

ముందు కారు సంగతి. పోయినసారి దగ్గర్లో ఓ గ్యారేజీలో పెట్టాం. బోర్డు మీద ఒక రేటు, తిరిగొచ్చాక మిషన్ అడిగింది ఇంకో రేటు. ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకున్నవాళ్లకే బోర్డు రేటట, కింద చీమతలకాయంత అక్షరాల్లో రాసుంది. ఆ రోజంతా మా ఆయన మొహం చూడలేకపోయాం. అందుకే ఈసారి మెట్రా రైలు. యూనియన్ స్టేషన్ నుంచి పార్క్ సుమారు మైలు దూరం. అమ్మ మోకాళ్లకి అది ఎక్కువని బస్సెక్కాం.

బీన్ అసలు పేరు క్లౌడ్ గేట్, చేసింది శిల్పి అనీష్ కపూర్. 168 స్టీలు పలకలు అతికించి నున్నగా సానబట్టారు. మా వాడు అతుకు కోసం వేలితో తడుముతూ వెతికాడు, దొరకలేదు. కింద వంపులో నిలబడి తలెత్తితే మన బొమ్మ సాగిపోయి, మెలికలు తిరిగి నాలుగుచోట్ల కనిపిస్తుంది. "ఇందులో నేనెక్కడున్నానే?" అంటూ అమ్మ చెయ్యి ఊపి తనని తాను వెతుక్కుంది. పది నిమిషాల్లో అందరికీ మోజు తీరిపోయింది.

అసలు రోజంతా క్రౌన్ ఫౌంటెన్ దగ్గరే గడిచిపోయేలా ఉంది. 50 అడుగుల గాజు స్తంభాలు రెండు, ఎదురెదురుగా. వాటి మీద వీడియోలో చికాగో వాళ్ల మొహాలు, మొత్తం వెయ్యిమందివి, ఒకటి తర్వాత ఒకటి వస్తుంటాయి. మొహం కళ్లార్పుతుంది, కాస్త నవ్వుతుంది, ఎంతసేపైనా ఏమీ చెయ్యదు. ఉన్నట్టుండి పెదాలు సున్నా చుడుతుంది. అంతే, కింద పిల్లలంతా ఒక్కటే కేక. నోట్లోంచి నీళ్లు ధారగా వచ్చి నెత్తిన పడతాయి. "పుక్కిలించి ఉమ్మినట్టుంది, ఇదేం సరదా!" అని అమ్మ విసుక్కుంది. అరగంట తర్వాత చూస్తే చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పాదాలు తడుపుకుంటోంది. కింద నీళ్లు మడమ కూడా మునగనంతే కాబట్టి నాలుగేళ్ల పిల్లని వదలడానికి భయం లేదు. జారుతుంది మాత్రం, పరిగెత్తనివ్వకండి. తువ్వాళ్లు, ఇంకో జత బట్టలు తప్పనిసరి. మేము పాపకి బట్టలు తెచ్చాం, చెప్పులు మర్చిపోయాం. తడి బూట్లతో రోజంతా కిచకిచమంటూ నడిచింది. దగ్గర్లో నీడ తక్కువ, పెద్దవాళ్లకి గొడుగో టోపీయో ఉండాలి.

ఎండ మరీ మండితే మిషిగన్ అవెన్యూ దాటండి, ఎదురుగానే చికాగో కల్చరల్ సెంటర్. 1897లో కట్టిన పాత లైబ్రరీ భవనం, ప్రవేశం ఉచితం. చల్లగా కూర్చోవచ్చు, బాత్రూమ్‌లున్నాయి, తలెత్తితే 38 అడుగుల వెడల్పున్న, టిఫనీ కంపెనీ చేసిన గాజు గోపురం. అమ్మకి బీన్ కంటే ఇదే నచ్చింది.

ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర, పెరుగన్నం ప్రిట్జ్‌కర్ పెవిలియన్ అనే ఆరుబయట కచేరీ వేదిక ముందున్న పచ్చికలో తిన్నాం. ఆ గడ్డి కింద గ్యారేజీలు, రైలు పట్టాలు ఉన్నాయంటే అమ్మ నమ్మలేదు. పార్కంతా వాటి మీదే కట్టారు. 2000 నాటికి తెరుద్దామనుకుని 2004లో తెరిచారు, పేరు మాత్రం మిలీనియమే! వేసవిలో గ్రాంట్ పార్క్ మ్యూజిక్ ఫెస్టివల్ కచేరీలు ఇక్కడే ఉచితంగా జరుగుతాయి. పిల్లలతో సాయంత్రం దాకా ఆగే ఓపిక మాకు లేకపోయింది. పక్కనే లూరీ గార్డెన్‌లో సన్నని నీటి కాలువ ఉంది. చెక్క మెట్టు మీద కూర్చుని కాళ్లు అందులో పెట్టుకోవచ్చు. మా ఆయన అక్కడే ఓ కునుకు తీశారు.

తర్వాత ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ గెహ్రీ డిజైన్ చేసిన పాము మెలికల వంతెన మీదుగా మ్యాగీ డేలీ పార్క్‌కి. మెట్లు లేవు, వాలు కూడా తక్కువే. స్ట్రోలర్‌కీ మోకాళ్లకీ హాయి. అవతల పెద్ద ఆటస్థలం, జారుడుబల్లలు, అన్నీ ఉచితం. పెద్ద జారుడుబల్లల దగ్గర జనం మరీ ఎక్కువ, చిన్నపిల్లల్ని పెద్దపిల్లలు తోసేస్తున్నారు. పాపకి అక్కడ నచ్చలేదు. మా వాణ్ణి కదిలించడానికి మాత్రం ఐస్‌క్రీమ్ ఆశ పెట్టాల్సొచ్చింది. మళ్లీ వెళ్తే ఈ ఆటస్థలం పొద్దున్నే చూసి, ఎండ ముదిరాక ఫౌంటెన్‌కి వస్తాం.

తిరుగు రైల్లో అందరం కళ్లు మూసుకున్నాం. కాసేపటికి ఎదురు సీట్లో ఏదో అలికిడి. పాప సీసాలో నీళ్లు నోటినిండా పట్టి, బుగ్గలు పూరించి, పెదాలు సున్నా చుట్టి అన్నయ్య వైపే చూస్తోంది.

"మింగవే తల్లీ, ఇది రైలు" అంది అమ్మ.